శంకుస్థాపన యుగం

మా తాడిగట్టు ఐసు ఫ్యాక్టరీలో తయారైన ఐసు ఎంత గట్టిదో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ఒక పెళ్ళివారు కొనుక్కెళ్ళిన దిమ్మ ఆ పెళ్ళికూతురి సీమంతానికి కూడా సరిపోయింది. మిగిలిన ముక్కను బారసాలనాడు పానకంలో వేసుకున్నారు. నమ్మకం కుదరకపోతే ఆ బారసాల పిల్లాణ్ణే అడగండి. ఇప్పుడాయనకు మనవలున్నారు. అప్పుడు పట్టిన జలుబు ఇంకా వదల్లేదు. ఆ దిమ్మల మీద ఊక పోసిన చేతులు ఇవే కాబట్టి నా మాటకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అంత ఐసూ ఒకనాడు కరిగిపోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రాలు ఎవరూ చూడనప్పుడు ఒక్కొక్కటే నడిచి వెళ్ళిపోయాయి. వాటి వెనకే తలుపులు, కిటికీలు, కప్పు రేకులూ వెళ్ళిపోయాయి. చివరికి గోడల ఇటుకలూ వెళ్ళిపోయి, బోలెడు తుమ్మచెట్లు మిగిలాక ఆ స్థలం పురపాలక సంఘం చేతికొచ్చింది.

ఊరి నడుమ ఖాళీ స్థలముంటే పెద్దలకు నిద్రపట్టదు. ఎవరు అధికారంలోకి వచ్చినా ముందు అక్కడికే వచ్చేవారు. ఒకరు బస్టాండన్నారు, ఒకరు కల్యాణ మండపమన్నారు, ఒకరు ఆసుపత్రన్నారు, చుట్టూ కాలవలున్న ఊరికి ఒకాయన ఈతకొలను అన్నాడు. ఏదైనా శాస్త్రప్రకారం జరగాలి గదా. గొయ్యి తీసి, రాగిచెంబులో నవధాన్యాలూ పంచలోహాలూ వేసి పూడ్చి, కొబ్బరికాయ కొట్టి, పక్కనే బంగారు అక్షరాల శిలాఫలకం నిలబెట్టేవారు. తర్వాత భోజనాలు. భోజనాలతో ఆ కట్టడం పూర్తయినట్టే. కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళ రాయి మీద కట్టడం పరువు తక్కువ. అందుకని దాన్ని ఒరగదోసి, మీద ట్రాక్టర్లతో మట్టి తోలించి, తమ రాయి తాము పాతుకునేవారు. అలా పెరిగి పెరిగి ఆ స్థలం గుట్టంత అయింది. మా ఊళ్లో ఎత్తైన చోటంటూ ఉంటే అది వాగ్దానాలతో లేచిందే.

ఆ రాళ్ళ వల్ల నిజంగా లాభపడ్డవాళ్ళు చేపలమ్మే ఆడవాళ్ళు. శిలాఫలకం ముందువైపు అద్దంలా ఉంటుంది గాని వెనకవైపు మహా గరుకు. బూడిద చల్లి చేప తోమడానికి అంతకు మించిన రాయి మూడు మండలాల్లో దొరకదు. బోర్లాపడ్డ ఫలకం కనబడితే చాలు, చేపల బుట్టలు దాని పక్కన దిగేవి. అక్షరాలు నేలకి, పొలుసులు ఆకాశానికి.

తోమేది అక్కడైనా అమ్మేది మాత్రం కాలవ వంతెన మీద. కూర్చునే చోటు జానెడు, పక్కనుంచి పోయే లారీ బారెడు. ఎండొస్తే చేప పాడవుతుంది, వానొస్తే మనిషి పాడవుతుంది. కిందటేడు వానల్లో బ్రేకు పడని లారీ ఒకటి బుట్టల మీదికొచ్చి వాళ్ళలో నాగరత్నం ఎడమకాలు తీసుకుపోయింది. ఆ మర్నాడు పెద్దింట్లు అనే ఆవిడ బుట్టలన్నిటినీ మోయించుకెళ్ళి పురపాలక కార్యాలయం మెట్ల మీద దింపించింది.

పెద్దింట్లు ఆ ఆడవాళ్ళకు పెద్ద. కొల్లేటి లంకల నుంచి వచ్చిన మనిషి. గొంతు పెద్దదే గాని కోపమొచ్చినప్పుడు మాత్రం తగ్గించి మాట్లాడుతుంది. ఆవిడ తగ్గించి మాట్లాడుతుంటే వినేవాడికి చెమట పడుతుంది. ఆ రోజు కమిషనరు దైవాధీనం గారికి పట్టింది. సగం ఆవిడ మాటకు, సగం బుట్టల వాసనకు. మంచివాడే పాపం. సంతకం పెట్టేముందు కలానికి కూడా దణ్ణం పెట్టే రకం. సాయంత్రంలోగా ఐసు ఫ్యాక్టరీ స్థలంలో చేపల మార్కెట్టు మంజూరు చేశాడు. రేకుల కప్పు, అరుగులు, నీళ్ళ కుళాయి. వచ్చే వానాకాలం లోపల కట్టి తీరతామన్నాడు.

కట్టేవాడే. ఇంతలో పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. ఎక్కడో ఒక ఊళ్లో పొక్లెయినుతో పాత గోడ పడగొట్టారట. పడ్డాక అది రాజులనాటి గోడని తేలిందట. అప్పటినుంచీ పై వాళ్ళకు పాత వస్తువులంటే పిచ్చి ప్రేమ పుట్టుకొచ్చింది. దైవాధీనం గారు ఉత్తర్వు చదివి వినిపించారు. "ఏదేని శిథిల పట్టణ స్థలమును పునరభివృద్ధి చేయుటకు పూర్వము, అట్టి స్థలమందు మానవహస్త స్పర్శ నొందిన ప్రతి వస్తువునకును చారిత్రక మూల్యాంకనము జరుగవలెను. మూల్యాంకనము ముగియు వరకు అట్టి వస్తువును కదల్చరాదు."

పెద్దింట్లు అంతా విని, ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. అది వస్తువుల మీద ఆధారపడి ఉంటుందని ఆయనన్నాడు.

వారం తిరక్కుండానే మూల్యాంకన బృందం దిగింది. దానికి పెద్ద, డాక్టరు విద్యారణ్యం గారు. జబ్బుల డాక్టరు కాదు, తవ్వకాల డాక్టరు. ఆయన వెంట పాత కట్టడాల నిపుణురాలు మంజూష గారు. గునపాలు తెస్తారనుకున్నాం గాని తాళ్ళు, మేకులు, రంగులేసే కుంచెలు తెచ్చారు. కుంచెతో ఊడుస్తూ తవ్వుతారట. ఎంత నిదానమంటే, ముందు ఊడ్చిన చోట గడ్డి మొలిచి, ఆ గడ్డి ఒక మేక మేసి, ఆ మేక ఈని, పిల్లకు పాలు మాన్పించేసరికి వాళ్ళు తాళ్ళతో కట్టిన రెండో గడిలోకి జరిగారు.

అసలు తవ్వడానికి ముందు ఒక చిక్కు వచ్చింది. శంకుస్థాపన లేకుండా మా ఊళ్లో ఏ పనీ మొదలవదు. తవ్వకాలు కూడా పనే గదా. దైవాధీనం గారు పంతులుగారిని పిలిపించి, మూలగా గొయ్యి తీయించి, చెంబూ నవధాన్యాలూ పాతించి, 'తవ్వకముల శంకుస్థాపన' అని ఒక ఫలకం నిలబెట్టించారు. పైన పురావస్తు శాఖ సంచాలకుల వారి పేరు, కింద వచ్చినవాళ్ళవీ రానివాళ్ళవీ. భోజనాల్లో గుత్తివంకాయ బాగుంది.

నెలలోపే మొదటి రాగిచెంబు బయటపడింది. విద్యారణ్యం గారు టోపీ తీసి నిలబడ్డారు. దాని పక్కన కొబ్బరిచిప్ప, దాని పక్కన ఫలకం. దాని కింద మట్టి, మట్టి కింద మళ్ళీ చెంబు, మళ్ళీ చిప్ప, మళ్ళీ ఫలకం. కొన్ని ఫలకాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఎన్నికలొస్తే నాయకుల పేర్లు జనానికి కనబడకూడదని రాళ్ళకు గుడ్డలు కడతారు. కట్టేవాడికి ఉత్తర్వు ఉంటుంది, విప్పేవాడికి ఉండదు. కొన్ని అలాగే భూమిలో కలిశాయి. ఆయన గుడ్డ పోగు ఒకటి పట్టకారుతో ఎత్తి, ఇది దేవతలకు కొన్నేళ్ళకొకసారి ముసుగు వేసే మహోత్సవమని రాసుకున్నారు.

నేను ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి, అవి శంకుస్థాపన రాళ్ళనీ, ఫలానా ఈతకొలను రాయి వేసిననాడు నేనూ భోజనం చేశాననీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, 'స్థానికుల పురాణగాథ' అని అది కూడా రాసుకున్నారు.

"రాయి మీద తెలుగులోనే ఉంది కదండీ. సంవత్సరం కూడా చెక్కారు. ఒకసారి చదవండి" అన్నాను.

"అక్షరములు నాకును కనిపించుచున్నవి. కాని చదువుట శాసన విభాగపు అధికారము. మాది తవ్వకముల విభాగము. వారి అభిప్రాయము వచ్చు వరకు ఇది చదువబడని లిపిగానే పరిగణింపబడును" అన్నారాయన.

శాసన విభాగం వాళ్ళు ఎప్పుడొస్తారని అడిగితే, ఆ విభాగంలో ఉద్యోగాలు ఇంకా భర్తీ కాలేదన్నారు. అంతవరకూ ఆయన పొద్దున కాఫీ తాగుతూ ఆ రాళ్ళ ముందు కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. పొరపాటున చదివేస్తారేమోనని భయం.

మంజూష గారిది ఇంకో కథ. ఆ స్థలంలో నిలబడి ఉన్న కట్టడమంటూ ఒక్కటే ఉంది. ఒకప్పుడు చేపల ఆడవాళ్ళ కోసం కట్టిన మరుగుదొడ్డి. కట్టిననాడే తాళం వేశారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలేలోపు ఆ ఉద్యోగి బదిలీ అయ్యాడు. ఆవిడ దాన్ని చుట్టూ కొలిచి, వెంటిలేటరులోంచి తొంగిచూసి, నేల మీద మనిషి పాదం పడ్డ జాడే లేదని నిర్ధారించింది. తలుపు ఉండీ ఎవరూ ప్రవేశించని గది ఏమిటి? గర్భగృహం. లోపల పింగాణీ పీఠం కూడా ఉంది. ఇంతటి నిష్ఠ ఇంకే కట్టడంలోనూ తాను చూడలేదని రాసింది. అందులో మాత్రం అబద్ధం లేదు.

ఇలా వాళ్ళు చరిత్రలోకి దిగుతూ ఉంటే వానాకాలం మా మీదికి దిగింది. వంతెన మీద ఆడవాళ్ళు నెత్తిన ఎరువుల సంచులు కప్పుకుని కూర్చున్నారు. ఒకరోజు మళ్ళీ ఒక లారీ జారి, దాని చక్రం పెద్దింట్లు పక్కనున్న బుట్టను కాలవలోకి నెట్టింది. బుట్ట పోయింది, బుట్ట వెనక మనిషి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. పెద్దింట్లు తడిచీరతోనే నేరుగా తవ్వకాల దగ్గరికొచ్చి తాళ్ళ అవతల నిలబడింది. నేను అక్కడే ఉన్నాను. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"బాబూ, పాతదైతేనే మీ లెక్కలోకొస్తదంట గదా. మా నాగరత్నం కాలు పోయి ఏడాదయింది. ఇంకెన్నేళ్ళు నిండితే దాన్ని సూస్తారు మీరు?"

విద్యారణ్యం గారు ఉత్తర్వు తీసి మొదటినుంచీ చదివారు. "జీవించియున్న వ్యక్తుల అవయవములు మా పరిధిలోనికి రావమ్మా" అన్నారు. బాధగానే అన్నారు. ఉత్తర్వులో అలాగే ఉంది మరి.

ఆ వారమే తవ్వకాలు తిరిగి తిరిగి మూలకు చేరాయి. అక్కడ బ్రహ్మాండమైన ఫలకం ఎదురైంది. ఏ ముసుగూ లేదు, చెంబు తళతళలాడుతోంది, నవధాన్యాల్లో పెసలు మొలకెత్తి ఉన్నాయి. కళ్ళజోడు లేకపోయినా అక్షరాలు మరీ పెద్దవి కావడంతో విద్యారణ్యం గారి కంట పడ్డాయి. అది ఆయన సంచాలకుల పేరు. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. యుగాల నాటి ఆరాధన ఆగిపోలేదని, ఈనాటికీ సజీవంగా ఉందని, అందుకు తిరుగులేని సాక్ష్యం దొరికిందని ఆ సాయంత్రమే పైకి కబురు పెట్టారు. సంచాలకుల వారు తాము ఆరాధ్య దేవతల వరసలో ఉన్నట్టు తెలిసి అభ్యంతరం చెప్పలేదు.

తర్వాత నివేదిక వచ్చింది. పురపాలక కార్యాలయంలో షామియానా వేసి చదివారు. ఆడవాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు. నాగరత్నం చంకకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విద్యారణ్యం గారు లేచి కంఠం సవరించుకున్నారు.

"ఇచ్చట నివసించిన జాతి శిలలను, రాగిపాత్రలను భక్తితో ప్రతిష్ఠించినది. కాని ఎవరును ప్రవేశింపని గర్భగృహ మొక్కటి తప్ప ఏ పొరయందును పునాది లేదు, గోడ లేదు, దూలము లేదు. అనగా ఈ జాతి కట్టుటకు సర్వసన్నాహములు చేసికొని, కట్టకుండ విరమించుటయే పరమధర్మముగా ఆచరించినది. దీనికి శంకుస్థాపన యుగమని నామకరణము చేయుచున్నాము. ఏదియు కట్టకపోవుటయే ఈ స్థలము యొక్క చారిత్రక విశిష్టత. కావున ఇచ్చట మార్కెట్టు నిర్మించుట చరిత్రను ధ్వంసము చేయుటయే యగును. అనుమతి నిరాకరింపబడినది."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో మోగలేదు. నాగరత్నం చంకకర్ర తీసుకుని లేవబోతే, పెద్దింట్లు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకా చదువుతున్నాడు గదా, విననీ అంది.

ఆయన చదువుతూనే ఉన్నారు. ఈ శిలలు అమూల్యములు, వానకు తడిసినచో అక్షరములు చెరిగిపోవును, కావున తక్షణమే వాటిపై కప్పు వేయవలెను. నిర్మాణము నిషిద్ధము గాని రక్షణకప్పు నిర్మాణము కాదు, రక్షణ. మరియు ప్రతి పొరయందును శిలల వెనుకభాగమున చేపల పొలుసులు, బూడిద విస్తారముగా లభించినవి. ఇవి ఆనాటి పూజారిణులు అర్పించిన నైవేద్యములు. ఆ పూజారిణుల వంశము ఎచ్చటనైన మిగిలియున్నచో, కప్పు కింద వారి అర్చన యథాతథముగా కొనసాగించుట చారిత్రక బాధ్యత. దురదృష్టవశాత్తు ఆ వంశము అంతరించినదని భావించుచున్నాము.

పెద్దింట్లు లేచి నిలబడింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"అంతరించలేదండి, ఇక్కడే ఉన్నాం. ఆ పొలుసులు మావేనండి."

ఆధారం కావాలన్నారు. ఆవిడ బుట్టలోంచి ఒక కొర్రమేను తీసింది. వేదిక పక్కన చూపడానికి తెచ్చిపెట్టిన ఫలకాన్ని బోర్లా తిప్పింది, గుప్పెడు బూడిద చల్లింది, పరపరా తోమింది. పొలుసులు ఎగిరి వేదిక మీది అధికారుల కళ్ళజోళ్ళ మీద పడ్డాయి. విద్యారణ్యం గారు ఒక పొలుసు ఏరి, తవ్వకాల్లో దొరికిన పొలుసు పక్కన పెట్టి భూతద్దంలో చూశారు. రెండూ ఒకటే. చేపను పట్టే తీరు, బూడిద చల్లే తీరు, తోమేముందు తిట్టే తిట్టు, అన్నీ అనాది సంప్రదాయమని అక్కడికక్కడే ఒప్పుకున్నారు. తిట్టును మంత్రమని రాసుకున్నారు.

మనుషుల కోసం ఏళ్ళ తరబడి రాని కప్పు రాళ్ళ కోసం నెల తిరక్కుండా వచ్చింది. అదీ మామూలు రేకులు కాదు. ఇనుప స్తంభాలు, చల్లదనం పట్టే కప్పు, శిలల్ని రోజూ కడగడానికి కుళాయి, నీళ్ళు పోవడానికి కాలవ, శిలలకు చీకటి భయం లేకుండా దీపాలు. చుట్టూ నడుమెత్తు కంచె. గేటు మీద బోర్డు. "శిలలకును, అనువంశిక పూజారిణులకును తప్ప ఇతరులకు కప్పు కింద ప్రవేశము లేదు." కాపలాకు ఒక మనిషిని కూడా పెట్టారు. బోర్లా పడుకోబెట్టిన ప్రతి ఫలకం వెనక ఒక పూజారిణి, ఆవిడ ముందు ఒక బుట్ట. పెద్దింట్లుకు తవ్వకాల శంకుస్థాపన రాయి, నాగరత్నానికి ఈతకొలను రాయి వచ్చాయి. చేరగిలబడడానికి పక్కనే స్తంభం ఉందని నాగరత్నమే దాన్ని ఏరుకుంది.

అమ్మకాలకు వీల్లేదని నిబంధన. అర్చకులు అమ్మకూడదు, ప్రసాదం ఇచ్చి కానుక పుచ్చుకోవచ్చు. ఇందులో జనానికి ఒక నష్టం జరిగింది. మా ఊళ్లో బేరమాడకుండా చేప కొన్నవాడు చరిత్రలో లేడు. నేను మొదటిరోజే కంచె బయట నిలబడి, మట్టగిడసలకు నా అలవాటు ప్రకారం సగం ధర చెప్పాను. పెద్దింట్లు ఎగాదిగా చూసింది.

"తాతా, అంత వయసొచ్చింది, దేవుడి ప్రసాదానికి బేరమాడతావేంటి? కళ్ళు పోతాయి" అంది. అడిగినంత సమర్పించుకుని వచ్చాను. నాలుక్కరుచుకుని లెంపలు కూడా వేసుకున్నాను, వెనక జనం చూస్తున్నారని.

కప్పు ప్రారంభోత్సవం మాత్రం కాస్త ఆలస్యంగా పెట్టారు, సంచాలకుల వారికి తీరిక లేక. ఆ రోజు దైవాధీనం గారు కొత్త కోటు వేసుకున్నారు. విద్యారణ్యం గారు, మంజూష గారు, పెద్దలంతా వచ్చారు. బోర్డు వాళ్ళు రాయించిందే కాబట్టి గౌరవంగా కంచె బయటే వేదిక వేసుకున్నారు. దైవాధీనం గారు మైకు పట్టుకుని, చేపల సోదరీమణుల చిరకాల వాంఛ నెరవేర్చకుండానే నెరవేర్చిన ఈ ఉత్తర్వు ఎంత గొప్పదో చెబుతున్నారు. అంతలో కొల్లేటి వైపు నుంచి మబ్బు లేచింది.

మా వైపు వాన చెప్పి రాదు. షామియానాను మొదటి గాలే ఎత్తుకుపోయింది. తర్వాత అది మూడూళ్ళ అవతల ఒక పెళ్ళిపందిరి మీద దిగిందని, ఆ పెళ్ళివారు తిరిగి ఇవ్వలేదని విన్నాను. పెద్దలు తలో దిక్కుకీ పరిగెత్తారు. విద్యారణ్యం గారు, మంజూష గారు జీపులో దూరారు. దైవాధీనం గారు జీపు దాకా పోలేక గేటు దగ్గరికొచ్చి పడ్డారు. కోటులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. తెలియక కాదు. బోర్డు కింద సంతకం దైవాధీనం గారిదే, దాన్ని ధిక్కరిస్తే తన ఉద్యోగం పోతుందని వాడి భయం.

లోపల ఆడవాళ్ళు పొడిగా కూర్చుని ఉన్నారు. వానాకాలంలో వాళ్ళు పొడిచీరలతో ఉండగా నేను చూడ్డం అదే మొదలు. నాగరత్నం కాలు చాపుకుని, చినుకుల చప్పుడు వింటూ జెల్లలు తోముతోంది.

"అమ్మా, పెద్దింట్లూ, వాన తగ్గేదాకా ఓ మూల నిలబడతాను" అన్నారు దైవాధీనం గారు.

పెద్దింట్లు చేప కింద పెట్టింది. ఆయన మీద ఆవిడకు కోపమేమీ లేదు. అయినా పూజారిణి కదా, నియమం చూసుకోవాలి.

"తమరు తవ్వకాల్లో తేల్లేదు గదండీ" అంది.

"అదేంటమ్మా, నా పేరు అదిగో, నీ ముందున్న రాయి మీదే ఉంది. కింద నుంచి రెండో వరస."

పెద్దింట్లు వంగి, రాయి కాస్త ఎత్తి, కిందికి తొంగిచూసింది. చదువు రాకపోయినా చాలాసేపు చూసింది. తర్వాత రాయిని మెల్లగా, దెబ్బ తగలకుండా దింపి, మళ్ళీ చేప అందుకుంది.

"ఆయ్, ఉందండి. తడవట్లేదు."